జింక కోసం మడి

మా బావ శేషగిరి పాలడబ్బా మీద తేదీ చూడడు. మూత తీసి వాసన చూస్తాడు. "తేదీ అచ్చువేసినవాడూ మనిషే కదండీ, పొద్దున్నే పెళ్ళాంతో పోట్లాడి వచ్చి ఉండొచ్చు" అంటాడు. హోటల్లో ఇడ్లీ పెడితే ముందు తిరగేసి అడుగు చూస్తాడు. నా చెల్లెలు అనురాధని చూడటానికి వచ్చినప్పుడు పిల్లని ఒక్క ప్రశ్నా అడగలేదు గాని, మా బావిలో నీళ్ళు ఓ గ్లాసు తెప్పించుకుని, కిటికీ వెలుతురుకి పట్టి, రెండు నిమిషాలు చూశాడు. తర్వాత తాగి, "సరేనండీ" అన్నాడు. ఆ సరే నీళ్ళకో పిల్లకో మా ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ తెలీదు.

అలాంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే ఇచ్చాడు. న్యూజెర్సీలో ఒక మాత్రల కంపెనీలో ఇరవైనాలుగేళ్ళు క్వాలిటీ చూశాడు. పొద్దున్నే ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ నుంచి బయల్దేరడం, తెల్లకోటు తొడుక్కోవడం, ఎవరో చేసిన మాత్రల్ని సాయంత్రం దాకా అనుమానించడం. ఆయన సంతకం పెట్టని బ్యాచ్ గుమ్మం దాటేది కాదు. ఆయన అనుమానం వల్ల లక్షమంది బతికారని నేను నలుగురిలో చెప్తూంటాను. "అంత లేదు బావగారూ, మొత్తం సర్వీసులో పదకొండు బ్యాచ్‌లు ఆపాను, అంతే" అని ఆయన సరిదిద్దుతాడు. ఆయనతో చిక్కే అది. నేను ఏ కథ మొదలెట్టినా పక్కన కూర్చుని అంకెలు తగ్గిస్తూంటాడు.

మూడేళ్ళ క్రితం రిటైరయ్యాక, తోటివాళ్ళంతా పిల్లల ఊళ్ళు వెతుక్కుంటుంటే, ఈయన డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో ఆరెకరాల అడవి కొన్నాడు. మధ్యలో చిన్న చెక్కయిల్లు, వెనక ఓ వాగు. కాలిఫోర్నియాలో శాన్ రామన్‌లో ఉండే కూతురు నమ్రత, "నాన్నా, అక్కడ ఏం చేస్తారు?" అంది. "ఎవరి సరుకుకీ సంతకం పెట్టకుండా కూర్చుంటాను" అన్నాడట.

నేను ఏటా మా అమ్మాయి గిరిజ దగ్గరికి ప్లెయిన్స్‌బరో వచ్చి ఆర్నెల్లు ఉంటాను. పోయిన అక్టోబరు మొదటి వారంలో అనురాధ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నువ్వొకసారి రావాలి. ఈయన వాలకం తేడాగా ఉంది."

"షుగరా?"

"షుగరైతే డాక్టర్‌కి చెప్తాను. నీకెందుకు చెప్తాను?"

తలకి నూనె మానేశాడట. పెళ్ళికి ముందునుంచీ రాస్తున్న కొబ్బరినూనె. ఆన్‌లైన్‌లో వాసన లేని సబ్బు ఆర్డర్ చేసి రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నాడట. రెండు జతల బట్టలు బీరువాలోంచి తీసి, వెనక షెడ్‌లో ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి తాళం వేశాడట. తెల్లవారుతుండగానే వాకింగ్ అని వెళ్తాడు, వాకింగ్ షూస్ మాత్రం గుమ్మం దగ్గరే ఉంటాయి.

"పోపు పెట్టబోతే కిచెన్‌లోంచి పరిగెత్తుతున్నాడు అన్నయ్యా. ఇంగువ పడని మనిషెవరో ఉండుండాలి."

"అరవై రెండేళ్ళకా?"

"నువ్వు ఆయన వైపు మాట్లాడకు."

నేను ఎవరి వైపూ కాదు. కాని నా చెల్లెలి ఇంగువ సంగతి నాకు తెలుసు. అది పప్పులో పోపు వేస్తే పైన విమానంలో పడుకున్న తెలుగువాళ్ళు లేచి కంచం అడుగుతారు. ఆ వాసన వదిలి పారిపోయేవాడిలో ఏదో ఉంది. గిరిజ ఆదివారం నన్ను కార్‌లో దింపి వెళ్ళింది.

శేషగిరి నన్ను చూసి సంతోషించలేదు. పెట్టె వైపు చూశాడు.

"ఏంటి బావగారూ, ఇంత హఠాత్తుగా?"

"గాలి మార్పుకి."

"ప్లెయిన్స్‌బరోలో గాలికి ఏమైంది?"

"అక్కడ పాతబడింది."

ఆ సాయంత్రం నేను నవ్వితే ఆయన ఎందుకు నవ్వుతున్నానా అని చూశాడు, దగ్గితే ఎవరికి సైగ చేశానా అని చూశాడు. నేనూ ఆయన్ని అలాగే చూశాను. మధ్యలో అనురాధ ఇద్దరినీ చూసింది. టీవీని ఎవరూ చూడలేదు.

మర్నాడు తెల్లవారగానే ఆయన వెనక బయల్దేరాను. కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి, సిస్టర్ల కళ్ళుగప్పి చింతకాయలు కోసిన కాళ్ళు నావి, చప్పుడు చెయ్యవు. ఆయన షెడ్‌లోకి వెళ్ళి, చలికి వణుకుతూ, పెట్టెలోంచి ఆకుపచ్చ బట్టలు తీసి తొడుక్కున్నాడు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతులకి రబ్బరు తొడుగులు. చిన్న దంతె ఒకటి పట్టుకుని వాగు వైపు నడిచాడు.

వాగు ఒడ్డున ఓ చెట్టు కొమ్మ కిందికి వంగి ఉంది. దానికి మణికట్టంత లావు జనపతాడు వేలాడుతోంది. దాని కింద గొడుగంత మేర ఆకులన్నీ గీకేసి నల్లటి మట్టి బయటపెట్టి ఉంది. ఆయన వంగి ఆ మట్టిని మళ్ళీ దంతెతో గీకుతున్నాడు, ఎవరికో పక్క సర్దుతున్నట్టు.

చెట్టుకి తాడు, కింద గీకిన మట్టి. మనవాళ్ళకి దీనికి రెండే అర్థాలు. ఒకటి నోటితో అనకూడనిది. కాని అందుకైతే తాడు ఛాతీ ఎత్తులో ఉండదు. ఇక మిగిలింది చేతబడి. ఇరవైనాలుగేళ్ళు సైన్సు చేసిన మనిషి పెన్సిల్వేనియా అడవిలో ఎవరి మీద ప్రయోగం చేస్తున్నాడా అని ఆలోచిస్తుండగా, ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బావగారూ, అక్కడే ఆగండి. మీరు కాఫీ తాగారు. మోకాళ్ళకి బామ్ రాసుకున్నారు. ఒక్క అడుగు వేశారంటే నాకు మూడు రోజుల పని పాడవుతుంది."

ఇరవై గజాల దూరంలో నిలబెట్టే సంగతంతా చెప్పాడు.

చలికాలం ముందు మగజింకలకి ఓ అలవాటు ఉందట. తలకి అందే కొమ్మ ఒకటి చూసుకుని, నుదురు, కంటి మూల దానికి రుద్ది, నాకి, వాసన అంటిస్తాయి. దాని కింద నేలని గిట్టలతో గీకి అక్కడా వాసన వదుల్తాయి. దారిన పోయే జింకలన్నీ అక్కడ ఆగి, ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎంతటివాడు అన్నది మూచూసి తెలుసుకుని, తమ హాజరూ వేసుకుంటాయి. మనిషి కూడా ఓ తాడు వేలాడదీసి, కింద నేల గీకిపెడితే, జింకలు దాన్ని తమదే అనుకుని వాడుకుంటాయి. సాధారణంగా వేటగాళ్ళు చేసే పని అది.

"మీరు వేటాడతారా?" అన్నాను. బెండకాయలో పురుగు కనిపిస్తే దాన్ని కాగితం మీద ఎక్కించి బయట వదిలే మనిషి.

"వేటాడకుండా ఉండటానికే."

పక్క స్థలం డ్వైట్ అనే ఆయనది. స్కూలు బస్సులు రిపేరు చేసి రిటైరయ్యాడు. కిందటేడు థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం, తుపాకీ సీజన్ మొదటిరోజు, శేషగిరి కేక్ తీసుకుని వాళ్ళింటికి వెళ్తే, గరాజ్ దూలానికి తలకిందులుగా ఓ జింక వేలాడుతోందట. కేక్ అక్కడే పెట్టి వచ్చేశాడు. మూడు రోజులు అన్నం సహించలేదు. ఈ ఆగస్టులో వాగు దాటుతూ ఓ మగజింక కనిపించింది. ఎడమ చెవి నిలువునా చీలి ఉంది. కొమ్ములకి పన్నెండు మొనలు. శేషగిరి ఎనిమిదే అంటాడు, ఆయన రికార్డులో అలాగే రాసుంది. ఈ కథలో మా ఇద్దరికీ తేడా వచ్చేది ఆ నాలుగు మొనల దగ్గరే.

"పెద్దాయన" అన్నాడు శేషగిరి, ఆ జింకని. "రోజూ సాయంత్రం డ్వైట్ సరిహద్దు వెంటే పోతాడు బావగారూ. డ్వైట్ అక్కడే చెట్టెక్కి కూర్చుంటాడు. నా స్థలంలో వేట లేదని బోర్డులు కొట్టాను, జింకలు బోర్డు చదవవు కదా. అందుకని వాటి భాషలో బోర్డు పెడుతున్నాను. ఇక్కడ, వాగు పక్కన. పెద్దాయన పగలు ఇటే తిరగడం అలవాటు చేసుకుంటే చాలు. తుపాకీ సీజన్ రెండు వారాలు. ఆ రెండు వారాలు దాటించాలి."

"మరి వచ్చాడా?"

ఆయన మొహం చిన్నబోయింది. ఐదు చోట్ల తాళ్ళు కట్టాడు, చెట్లకి కెమెరాలు బిగించాడు. పెద్దాయన తొమ్మిదిసార్లు వచ్చాడు. తొమ్మిదిసార్లూ తాడుకి పదిహేను అడుగుల దూరంలో ఆగి, ముక్కు పైకెత్తి, వెనక్కి తిరిగాడు.

"దుకాణంలో జింక మూత్రం సీసాల్లో అమ్ముతారటగా, అది పొయ్యకపోయారా?"

"ఏ జింకది? ఏ రోజుది? ఎవరు సంతకం పెట్టారు? పైగా జింకలకి ఒక మెదడు జబ్బుంది, వాటి మూత్రంతో అంటొచ్చని కొన్నిచోట్ల వద్దన్నారు. సీసా తప్పు కాదు బావగారూ. రూట్ కాజ్ నేను. నా కోటు కిచెన్ తలుపు పక్కన తగిలిస్తాను. ఇంగువ, కొబ్బరినూనె, అగరొత్తులు. నేను ముట్టుకున్న ప్రతి తాడు మీదా మా వంటిల్లు ఉంది."

"ఇది అనూకి చెప్పడానికి ఏమైంది?"

"ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ వెనక జింకలు మూడేళ్ళు దాని గోంగూర మేసేశాయి. ఇప్పుడు వాటిని నేనే పిలుస్తున్నానంటే ఊరుకుంటుందా?"

ఇంటికెళ్ళి అనురాధకి చెప్పేశాను. రహస్యం దాచమని ఆయన నన్ను అడగలేదు, అడిగినా నా దగ్గర అది నిలవదు. అది గరిట పట్టుకుని అలాగే నిలబడి విన్నది. కాసేపటికి గరిట కింద పెట్టింది.

"అయితే ఈయన మడి కట్టుకుంటున్నాడన్నమాట."

"అలాగే అనుకో."

"జింక కోసం."

"ఆ."

"నిజంగా జింక కోసమేనా?"

"చెవి చిరిగిన జింక కోసం ఏ ఆడదీ ఇంత మడి చెయ్యమనదు" అన్నాను.

అది ఇంకా నమ్మలేదు. షెడ్‌కి వెళ్ళి, కిటికీలోంచి ఆయన బట్టలు మార్చుకునే పద్ధతి చూసింది. చూసినకొద్దీ దాని అనుమానం ఆడదాని మీంచి పోయి మడి మీద పడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలెట్టింది.

"ఏవండీ, షెడ్ గడియ మామూలు చేత్తో తీసి, ఆ చేత్తోనే గ్లవ్స్ తొడుక్కుంటే ఇంక మడేముంది?"

ఆయన నా వైపు ఓ చూపు చూశాడు. నేను పెరుగు కలుపుకున్నాను.

"అమ్మ పచ్చళ్ళు పెట్టే రోజుల్లో మడిబట్ట దండెం మీద కర్రతో ఆరేసి, కర్రతోనే తీసేది. చేత్తో తగిల్తే మళ్ళీ తడిపేది. మీరు బట్టలు ఉతికి డ్రైయర్‌లో వేస్తున్నారు. అందులో రాత్రి నా చీరలు ఆరాయి. మీ మడి మా అమ్మ చూస్తే వంటింటి గడప కూడా తొక్కనిచ్చేది కాదు."

శేషగిరి అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచించాడు. "డ్రైయర్" అన్నాడు మెల్లిగా. జేబులోంచి పుస్తకం తీసి ఎడంచేత్తో రాసుకున్నాడు.

ఆ రోజునుంచీ పెత్తనం అనురాధది. ఇంటికి దూరంగా రెండు చెట్ల మధ్య దండెం కట్టించింది. బట్టలు వాసనలేని పొడితో ఉతికి, కర్రతో ఆరేసి, కర్రతోనే తీసి, ఎండుటాకులు పరిచిన పెట్టెలో వేసింది. గడియకి ఒక జత తొడుగులు, తాడుకి వేరే జత. దంతె వాగునీళ్ళలో తప్ప కడగకూడదు. పాత తాళ్ళు విప్పేసి కొత్తవి, మూడు రోజులు వాగునీళ్ళలో నానబెట్టినవి కట్టించింది. ఇంట్లో ఇంగువ, వెల్లుల్లి, అగరొత్తులు బంద్. దేవుడికి ఒట్టి దీపమే. నాకు బామ్ కూడా లేదు. ఏడు వారాలు పోపులేని పప్పు తిన్నాను. అమెరికా జైళ్ళలో ఇంతకన్నా మంచి తిండి పెడతారని విని, ఏ నేరం చేస్తే దొరుకుతుందా అని కూడా ఆలోచించాను.

పదోరోజున కెమెరాలో ఫోటో పడింది. పెద్దాయన తాడు కిందే నిలబడి, నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. శేషగిరి ఫోన్ తెచ్చి భార్య ముందు పెట్టాడు.

అనురాధ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఈ రోజుల్లో ఫోటోలు ఎవరైనా తయారుచేస్తారు. మీరు నమ్రతకి చెప్పి చేయించలేదని ఏంటి నమ్మకం?"

ముప్పైనాలుగేళ్ళు ఆయన పక్కన బతికితే అంటకుండా ఉంటుందా?

మర్నాటినుంచి అదీ మడి కట్టుకుని ఆయనతో వెళ్ళింది. నేను కిచెన్ కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. నాలుగో రోజు ఇద్దరూ తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అనురాధ, "చెవి నిజంగానే చిరిగింది, పాపం" అంది. "తాడుని నాలికతో నాకాడు అన్నయ్యా. మన గుమ్మంలో కూర్చుని ఫలహారం చేస్తున్నట్టు."

తర్వాత ఆడజింకలు కూడా రావడం మొదలెట్టాయి. మూడు, నాలుగు. పట్టపగలు వచ్చి, తాడు మూచూసి, పక్కనే ఎండలో పడుకునేవి. శేషగిరి అన్నీ రాసుకున్నాడు.

నవంబరు మధ్యలో డ్వైట్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వాగు వైపు చూస్తూ అడిగాడు.

"శేష్, ఈ ఏడు వేటాడుతున్నావా?"

"లేదు."

"మరి ఆ తాళ్ళు?"

శేషగిరి అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పడం ఇష్టం లేదు. నేను అందుకున్నాను. మా దేశంలో పెద్దవాళ్ళు వీపు గోక్కోవడానికి చెట్లకి అలాగే కట్టుకుంటారని, డాక్టర్లు కూడా అదే మంచిదంటారని చెప్పాను. డ్వైట్ నా వీపు వైపు, తర్వాత తాడు వైపు చూశాడు.

"ఐదా?"

"మాది పెద్ద కుటుంబం."

ఆయన నవ్వలేదు. "న్యూయార్క్ నుంచి ఎవరో డబ్బున్న వేటగాళ్ళకి ఈ స్థలం అద్దెకిస్తున్నావని ఊళ్ళో అనుకుంటున్నారు. ఇస్తే ఇవ్వు, నీ నేల. కాని తూటా నా ఇంటి వైపు రాకుండా చూసుకోమను" అని వెళ్ళిపోయాడు.

"ఆయనకి తెలిసిపోయింది. పెద్దాయన మీద కన్నుంది కాబట్టే వచ్చాడు" అన్నాడు శేషగిరి. ఆ సాయంత్రం నుంచి డ్వైట్ ఇంటి వెలుగు ఎప్పుడు ఆరుతుందో కూడా పుస్తకంలో ఎక్కింది.

థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం వచ్చింది. మొదటి వెలుగు పడగానే చుట్టుపక్కల కొండల్లో తుపాకులు మొదలయ్యాయి, దీపావళి మర్నాడు మిగిలిన టపాసుల్లా అక్కడొకటి ఇక్కడొకటి. శేషగిరి వరండాలో నిలబడ్డాడు. అనురాధ లోపల దేవుడి ముందు కూర్చుంది. ఎనిమిదింటికి డ్వైట్ వైపు నుంచి ఒక దెబ్బ వినిపించింది. చాలా దగ్గర. ఒక్కటే.

ఆయన గడియారం చూసి పుస్తకం తెరిచాడు. ఏమీ రాయలేదు.

అరగంటకి గేటు దగ్గర నారింజరంగు టోపీ కనిపించింది. డ్వైట్ తుపాకీ తేలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"శేష్, నేను కొట్టింది మీ వైపు పరిగెత్తింది. నువ్వు ఒప్పుకుంటే వచ్చి వెతుక్కుంటాను. వద్దంటే వెళ్ళిపోతాను."

"వద్దంటే ఏమవుతుంది?"

"అక్కడే పడి ఉంటుంది. ఎవరికీ పనికిరాదు."

శేషగిరి చాలాసేపు గేటు గడియ వైపు చూశాడు. తర్వాత తీశాడు.

డ్వైట్ ముందు నడిచాడు. ఆకుల మీద ఎర్రచుక్కల్ని వేలితో చూపిస్తూ. అనురాధ ఇంటి చెప్పులతోనే వెనక వచ్చింది. చుక్కలు అటూ ఇటూ పోలేదు. తిన్నగా వాగు వైపు, మూడో తాడు వైపు వెళ్ళాయి. గీకిన మట్టి మీద తల పెట్టి పడుకుని ఉంది. కొమ్ముల్లేవు. రెండు చెవులూ బాగానే ఉన్నాయి.

"ఆడది" అంది అనురాధ.

శేషగిరి మొహంలో ఒక్క క్షణం ఊరట కనిపించింది. మరుక్షణం ఆ ఊరటకి తలదించుకున్నాడు.

"ఆ పెద్దది, చెవి చీలినది, అది మీకు కనిపిస్తే?" అని అడిగాడు డ్వైట్‌ని.

"కనిపించింది. ఏడున్నరకి నా చెట్టు కిందినుంచే వెళ్ళాడు. నాకు ఈ ఏటి మగజింక అక్టోబరులోనే అయిపోయింది, బాణంతో. ఏడాదికి ఒక్కటే. మిగిలింది ఆడజింక పర్మిట్."

"చూడొచ్చా?"

డ్వైట్ జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. శేషగిరి దాన్ని ఎండకి పట్టి, ముందూ వెనకా చదివాడు. రెండు నెలలు తను ఎవరి మీద కాపలా కాశాడో, ఆ డ్వైట్‌కి పెద్దాయనతో పనే లేదు. కాగితం మడిచి తిరిగిచ్చాడు.

డ్వైట్ జింక పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. "నలభై ఏళ్ళనుంచి ఈ కొండమీద వేటాడుతున్నాను శేష్. ఇలా నడిచొచ్చిన జింకని చూడలేదు. మీ వైపునుంచే వచ్చింది. తల దించుకుని, గాలి కూడా చూసుకోకుండా, పెంపుడు ఆవులా. ఒక నిమిషం కొట్టబుద్ధి కాలేదు. కాని ఫ్రీజర్ ఖాళీగా ఉంది." దెబ్బ తగిలాక కూడా అది రోడ్డు వైపు పోకుండా ఇటే ఎందుకొచ్చిందో అర్థం కాలేదన్నాడు.

మాకు అర్థమైంది.

డ్వైట్ సగం మాంసం ఇస్తానన్నాడు. "మేం తినం" అన్నాడు శేషగిరి. తర్వాత తొడుగులు తీసేసి, వట్టి చేతులతో వెనక కాళ్ళు పట్టుకుని, సరిహద్దు దాకా ఆయనతో కలిసి ఈడ్చాడు.

తిరిగొచ్చి స్నానం చెయ్యలేదు. షెడ్ మెట్టు మీద కూర్చున్నాడు. అనురాధ, నేను ఎదురుగా నిలబడ్డాం.

"వాసన లేకుండా చేశాం బావగారూ. అదే తప్పు. మనిషి వాసన తగిల్తే ముక్కెత్తాలి, వెనక్కి తిరగాలి. వాటికి ఉన్నది ఆ అనుమానం ఒక్కటే. ఐదు చోట్ల కూర్చోబెట్టి నేను దాన్ని మాన్పించాను."

"మీరు పెద్దాయన కోసం చేశారు" అంది అనురాధ.

"పెద్దాయన కూడా ఈ పొద్దున ఓ మనిషి కిందినుంచి నడిచిపోయాడు, తలెత్తకుండా. డ్వైట్‌కి మగజింక పర్మిట్ లేదు. రోడ్డు అవతల ముగ్గురు వేటగాళ్ళున్నారు, వాళ్ళకి ఉంది. ఇంకా రెండు వారాలు."

"అంటే ఇక రానివ్వరా?"

"రానివ్వను."

అనురాధ కళ్ళు నిండాయి. ఏడు వారాలు కర్రతో బట్టలు తీసిన మనిషి. లోపలికి వెళ్ళింది. కొద్దిసేపటికి ఇల్లంతా పోపు చిటపటలాడింది. పొయ్యి మీద మూకుడు పెట్టి, ఇంగువ వేసి, శేషగిరి పాత కోటు తెచ్చి ఆ పొగలో పట్టుకుని నిలబడింది.

ఆయన ఆ కోటు తొడుక్కుని వెళ్ళాడు. నేను బామ్ రాసుకుని వెనక వెళ్ళాను. ఇప్పుడు ఆగమనలేదు. ఐదు తాళ్ళూ విప్పాడు. గీకిన మట్టిని బూటుకాలితో తొక్కి, ఆకులు కప్పాడు. ఒక్కో కొమ్మని రెండు అరచేతులతో పట్టుకుని, మొదలునుంచి చివరిదాకా రుద్దాడు. నుదురు తుడుచుకుని ఆ తడి కూడా రాశాడు. నన్నూ రాయమన్నాడు. మూడో చెట్టు దగ్గర నల్లమట్టి ఇంకా తడిగా ఉంది. అక్కడ ఎక్కువసేపు ఉన్నాం.

ఆ రోజునుంచి ప్రతి పొద్దున్నా ముగ్గురం వెళ్ళి ఆ చెట్ల మధ్య గట్టిగా మాట్లాడుతూ తిరిగాం. అనురాధ నమ్రతతో ఫోన్ అక్కడినుంచే మాట్లాడేది. రోడ్డు అవతల తుపాకీ పేలినప్పుడల్లా ముగ్గురం ఆగి, ఎటువైపో చూసి, మళ్ళీ నడిచేవాళ్ళం.

సీజన్ ఆఖరి రోజు చీకటిపడ్డాక ఏ చప్పుడూ లేదు. మర్నాడు శేషగిరి కెమెరా తెరిచాడు. ఫోటోలో వాగు అవతల, చాలా దూరంలో, రాళ్ళగుట్ట వైపు మొహం పెట్టి పెద్దాయన ఉన్నాడు. బెదిరినట్టు తోక తెల్లగా పైకి లేచి ఉంది.

"ఆగలేదా?" అంది అనురాధ.

"లేదు."

"ఇటు చూడను కూడా లేదా?"

"చూశాడు. దీని ముందు ఫోటోలో ఉంది. ముక్కెత్తి చూసి, పరిగెత్తాడు."

అనురాధ ఫోన్ తీసుకుని, ఫోటో పెద్దది చేసి, చెవి కనిపించేదాకా జరిపి చాలాసేపు చూసింది.

"పోనీలెండి" అని ఫోన్ ఆయన చేతికిచ్చింది.